పదహారు రోజులు, తొమ్మిది దేశాలు

కిందటి ఏడు వేసవి సెలవుల్లో నేనూ మా ఆవిడా యూరపు వెళ్ళి, అక్కడి రైళ్ళలో తిరిగి వచ్చామని ఈ శీర్షికలో ఎక్కడో ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు, నేను పదిహేనేళ్ళుగా ప్రబంధాలమీదా శతకాలమీదా రాసినదానికి రాలేదు. అన్నింటిలోనూ ప్రశ్నలు మూడే. ఖర్చెంతయింది? అన్నం దొరికిందా? ఎన్ని దేశాలు చూశారు?

మొదటిదానికి జవాబు మా ఇంటి పద్దుపుస్తకంలో ఉంది గాని, పత్రికలో అచ్చు వేసుకునేటంత ముచ్చటగా లేదు. రెండోదానికి జవాబు: దొరికింది. కందిపొడి, మాగాయ వెంట తీసుకుపోయాం. పాలతో చేసిన పదార్థాలూ మాంసమూ బయటినుంచి యూరపు సమాఖ్య దేశాల్లోకి తేకూడదన్నారు గనుక, మా అత్తగారు చేసిన పాలకోవా మాత్రం ఇంట్లోనే ఉండిపోయి పిల్లల పాలయింది.

ఇక మూడోది. నాలుగు దేశాలు చూశామండీ. ఈ మాట చెప్పగానే ఎదుటివారి ముఖం ఎలా మారిపోతుందో నాకు బాగా అలవాటయింది. "అంతేనా! మా తోడల్లుడు పది రోజుల్లో పదకొండు చూశాడే!" అంటారు. అనకపోయినా అనుకుంటారు. నేనూ ఒకప్పుడు వారిలాటివాణ్ణే. మా ప్రయాణానికి నేను వేసిన మొదటి పట్టికలో తొమ్మిది దేశాలున్నాయి. అవి నాలుగెలా అయినవో చెబితే, ఈ వేసవికి బయల్దేరబోయే వారికి పనికొస్తుందేమోనని ఈ వారం ఈ పేజీ దానికే కేటాయిస్తున్నాను.

నాకు దొరికిన సెలవు పదహారు రోజులు. బయల్దేరే రోజూ, ఇల్లు చేరే రోజూ అందులోనే. అంటే యూరపు గడ్డమీద గడిపే రాత్రులు పదమూడు. పిల్లల్ని తాతగారింట్లో దింపాలి. మా ఆవిడ అయిదేళ్ళు కట్టిన చీటీ డబ్బు ప్రయాణానికి మూలధనం. ఇలాటి ప్రయాణం మళ్ళీ ఎప్పటికో, అసలు ఉంటుందో లేదో తెలియదు. కాబట్టి వెళ్ళినప్పుడే అన్నీ చూసి రావాలన్న దురాశ నన్ను పట్టుకుంది. భోజనాల బల్లమీద పటం పరిచాను. ఇంగ్లండు, ఫ్రాన్సు, బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ, చెక్ దేశం, ఆస్ట్రియా, స్విట్జర్లండు, ఇటలీ. రైళ్ళ వేళలు ఫోనులో చూస్తూ, ఎర్రసిరాతో గళ్ళు గీసి నింపాను. మూడు రాత్రులు బండిలోనే నిద్ర. పారిస్‌కు ఒక్క రోజు. ఆమ్‌స్టర్‌డామ్‌కు పదకొండున్నరనుంచి నాలుగు దాకా. ఒక్క నిమిషం వృథా పోలేదు. ఆ పట్టిక చూసుకుని నేను మురిసిపోయాను.

మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పిల్లల జవాబుపత్రం దిద్దుతున్నట్టు ఆ కాగితం పైనుంచి కిందికి చదివింది. ఆవిడ హైస్కూల్లో సోషలు చెబుతుంది.

"పారిస్‌లో మనం ఉండేది మంగళవారమాండీ?"

"అవును."

"మంగళవారం లూవ్ర్ మ్యూజియం మూసేస్తారు."

నేను గతుక్కుమన్నాను. తరువాత ఆవిడ వేలు ఆమ్‌స్టర్‌డామ్ గడిమీద ఆగింది. కాసేపు ఏమీ అనలేదు. "నాలుగున్నర గంటల్లో సామాను ఎక్కడ పెడతాం, ఆ ఇల్లు ఎప్పుడు చూస్తాం?" అని మాత్రం అంది.

ఆ ఇల్లంటే ఏ ఇల్లో నాకు తెలుసు. ఆన్ ఫ్రాంక్ ఇల్లు. చదువుకునే రోజుల్లో ఆ పిల్ల డైరీ చదివింది మొదలు మా ఆవిడకు అదొక పట్టుదల. ఏటా నాజీల పాఠం వచ్చినప్పుడు ఆ సంగతి పిల్లలకు చెప్పకుండా గంట ముగించదు. ప్రయాణం తలపెట్టిన నాడు, నీకేం చూడాలని ఉందని అడిగితే ఆవిడ చెప్పింది ఆ ఒక్కటే. తొమ్మిది దేశాల పేరాశలో నేను దాన్ని రెండు బండ్ల మధ్య ఇరికించాను.

అయినా నేను వెంటనే లొంగలేదు. కాగితం తీసుకుని మా మామయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన రైల్వేలో ముప్పై ఆరేళ్ళు గార్డుగా పనిచేసి రిటైరై, మా వీధిలోనే ఉంటున్నాడు. ప్రపంచంలో ఏ బండి సంగతయినా ఆయన దగ్గర మర్యాదగా మాట్లాడాలి.

"ఒరే అబ్బాయ్," అన్నాడు పట్టిక చూసి, "పారిస్‌నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు మూడు గంటల ఇరవై నిమిషాలని వేశావు. అది బండి ప్రయాణంరా. నీ ప్రయాణం ఏదీ?"

ఆయన లెక్క చిత్తగించండి. పొద్దున్నే పెట్టెలు సర్ది గది ఖాళీ చేయడానికి ఒక గంట. మెట్రో పట్టుకుని స్టేషను చేరడానికి ముప్పావుగంట. కొత్త ఊరు గనుక అరగంట ముందుండాలి. ఆపైన బండి. దిగాక దారి వెతుక్కుంటూ బసకు ఇంకో గంట. అక్కడ మధ్యాహ్నం రెండో మూడో అయితేగాని గది ఇవ్వరు. చేతులు కడుక్కుని కూర్చునేసరికి దీపాలు పెట్టే వేళ. "ఊరు మారినప్పుడల్లా ఒక పూట ఖర్చు రాసుకో," అన్నాడు. "తొమ్మిది ఊళ్ళకు ఎనిమిది మార్పులు. అంటే నాలుగు రోజులు హరీ. దిగిన మొదటిరోజు నిద్రమత్తు, అదీ కొట్టెయ్. ఇహ మిగిలిందెంత? మీరు యూరపు చూడ్డానికి వెళుతున్నారా, స్టేషన్లు తనిఖీ చేయడానికా?"

రాత్రి బండ్లవల్ల రోజు కలిసొస్తుంది గదా అన్నాను. ఆస్ట్రియా రైల్వేలవారు 2016 నుంచి నైట్‌జెట్ అనే పేరుతో రాత్రి బండ్లు మళ్ళీ విరివిగా నడుపుతున్న మాట నిజం. వియన్నా-రోములాటి దూరపు ఊళ్ళకు అవి అక్కరకొస్తాయి. కాని మూడింటిలో రెండు రాత్రులు సరిగా నిద్రపట్టకపోతే, మర్నాడు ఎంత గొప్ప చిత్రం ముందు నిలబెట్టినా ఆవలింతే వస్తుంది. నలభై దాటినవారు ఒక రాత్రికి ఒప్పుకోవచ్చు. మూడు మాత్రం వద్దు.

ఆ రాత్రి నేను తెలుగు మేష్టర్నని నాకు గుర్తొచ్చింది. మనకు 'పూట' అని ఎంత చక్కని కొలత ఉంది! గంటలూ నిమిషాలూ పక్కకు నెట్టి, పూటలతో పట్టిక మళ్ళీ మొదలుపెట్టాను.

మొట్టమొదట కొట్టేసింది ఇంగ్లండును. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి తడబడుతుంది. అమరావతి మా ఊరికి గంట బస్సు ప్రయాణం. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొరగారు అక్కడ తవ్వించిన సున్నపురాతి శిల్పాలు చాలా భాగం ఇప్పుడు లండనులో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. చిన్నప్పటినుంచి ఖాళీ దిబ్బ చూస్తున్నవాణ్ణి, ఆ దిబ్బమీది శిల్పం ఒక్కసారి కళ్ళారా చూడాలని నా కోరిక. అయితే షెంగెన్ వీసా ఒక్కటుంటే 29 దేశాల్లో తిరగవచ్చుగాని, ఇంగ్లండు వాటిలో లేదు. దానికి వేరే అర్జీ, వేరే రుసుము. పైగా నడుమ లండను వెళ్ళి మళ్ళీ ఇవతలికి రావాలంటే, షెంగెన్ వీసా ఒకసారి ప్రవేశానికి ఇచ్చినదయితే చెల్లదు. రెండుసార్లకో, అంతకు మించో ఇచ్చినది కావాలి. వీటికి తోడు లండనుకు రానుపోను రెండు పూటలు, చూడటానికి కనీసం రెండు రోజులు. ఇద్దరి కోరికల్లో ఒకటే పడుతుంది. చీటీ కట్టిందెవరో పైనే మనవి చేశాను.

తరువాత జర్మనీ, చెక్ దేశం, ఆస్ట్రియా పోయినవి. ఇవి దండించవలసిన దేశాలు కావు. పటంమీద అవి ఒక మూల, ఇటలీ ఒక మూల. చుట్టూ తిరిగి మొదటి ఊరికే రావాలనుకోవడంవల్ల వచ్చిన చిక్కిది. విమానం టిక్కెట్టు వెళ్ళడం ఒక ఊరికి, తిరిగి రావడం వేరే ఊరినుంచి తీసుకోవచ్చు. చాలాసార్లు ధరలో పెద్ద తేడా ఉండదు, వెనక్కి వచ్చే రోజు మిగులుతుంది. మేము ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి రోములో విమానం ఎక్కేటట్టు తీసుకున్నాం. నడుమ దారి పటంమీద ఉత్తరంనుంచి దక్షిణానికి ఒకటే గీత. ఆమ్‌స్టర్‌డామ్ మూడు రాత్రులు, పారిస్ నాలుగు, స్విట్జర్లండులో లుసెర్న్ మూడు, రోము మూడు. బెల్జియం కిటికీలోంచి కనబడింది. దాన్ని లెక్కలో వేసుకోలేదు.

ఈ రాత్రుల లెక్క వీసాకు కూడా అవసరమే. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికి అర్జీ పెట్టుకోవాలి. సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. మాకు ఫ్రాన్సులో నాలుగు గనుక ఫ్రాన్సు. ప్రయాణానికి ఆరు నెలలలోపే అర్జీ తీసుకుంటారు, పదిహేను రోజులకంటె దగ్గరకు రానివ్వకూడదు. వేసవి ముందు హైదరాబాదులో వీసా కేంద్రానికి వెళ్ళే రోజు దొరకడమే గగనం. 30,000 యూరోలకు తక్కువ కాకుండా వైద్య బీమా, ఏ రాత్రి ఎక్కడ బసో వివరం, అన్నీ జతపరచాలి. అందుచేత అక్కడికి వెళ్ళాక చూసుకుందాంలే అనే ధోరణి మనబోటివారికి కుదరదు.

తరువాతి తగవు పాసుది. మా మామయ్య ఉద్యోగకాలమంతా పాసులమీద తిరిగినవాడు, కనుక ఆయనకు పాసంటే ప్రాణం. యూరపు బయటివారికోసం 1959లో యూరెయిల్ పాసు పెట్టారు. ఇప్పుడది 33 దేశాల్లో చెల్లుతుంది. రెండు నెలల్లో ఏవైనా పది రోజులనీ, నెలలో ఏడు రోజులనీ రకరకాలుగా ఇస్తారు. పొద్దున లేచి ఈవేళ ఎటు పోదామని ఆలోచించుకునే తీరిక ఉన్నవారికి అది వరం. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లండుల్లో చాలా బండ్లు పాసు చేతబట్టుకుని ఎక్కెయ్యవచ్చు. ఫ్రాన్సు, ఇటలీలలో వేగం బండ్లకు మాత్రం పాసున్నా సీటుకు విడిగా చెల్లించాలి. మాకు పెద్ద ప్రయాణాలు మూడే రోజులు, అవీ తారీఖులతో సహా ఖాయమైనవి. అలాటివారికి విడి టిక్కెట్లే నయం. మన రైల్వేవారు అరవై రోజుల ముందు బుకింగు తెరుస్తారు, ఎప్పుడు కొన్నా మామూలు బండ్లకు ధర ఒకటే. అక్కడ చాలా దేశాల్లో నెలలకొద్దీ ముందే అమ్మకం మొదలవుతుంది. ముందు కొన్నవాడికి చౌక, ఆలస్యం చేసినవాడికి గూబ గుయ్యిమంటుంది. చౌక టిక్కెట్టుకు మార్పూ ఉండదు, డబ్బు వాపసూ ఉండదు.

స్టేషన్ల సంగతి రెండు మాటలు చెప్పాలి. పారిస్‌కు 'పారిస్ స్టేషను' అని ఒకటి లేదు. మన సికిందరాబాదు, నాంపల్లి, కాచిగూడల మాదిరి అరడజను పెద్ద స్టేషన్లు ఊరి చుట్టూ ఉన్నవి. ఆమ్‌స్టర్‌డామ్ బండి గార్ దు నోర్‌లో దిగబెడుతుంది, స్విట్జర్లండు బండి గార్ ద లియోఁలో ఎక్కాలి. రెంటి నడుమ నగరపు రైలుంది. ఇక ఊళ్ళ పేర్లు! మనం వెనీస్ అనేది అక్కడ వెనెత్సియా, ఫ్లారెన్స్ ఫిరెంజె, వియన్నా వీన్. బ్రస్సెల్స్‌లో ఒకే స్టేషనుకు ఒక భాషలో మీది, ఇంకో భాషలో జౌద్. ఇటలీ స్టేషన్ల బోర్డుమీద మొనాకో అని ఉంటే సముద్రపొడ్డున ఉన్న మొనాకో అని ఎక్కేరు సుమా! ఇటాలియనులో జర్మనీలోని మ్యూనిక్ పేరూ మొనాకోయే. తత్సమాలు, తద్భవాలు పాఠం చెప్పి బతికేవాడికి ఇవన్నీ వేడుకగానే ఉంటవి గాని, చేతిలో పెట్టెలున్నప్పుడు కాదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ ఇంటికి టిక్కెట్లు దొరకడం విమానం టిక్కెట్లకంటె కష్టం. ఆరు వారాల తరువాతి తేదీలకు మంగళవారాల్లో అమ్ముతారు. ఆ మంగళవారం మా ఆవిడ స్కూలుకు సెలవు పెట్టి కంప్యూటరు ముందు కూర్చుంది. దొరికినవి సాయంకాలానికి రెండు. మిగతా ఊళ్ళ తేదీలన్నీ ఆ సాయంకాలం చుట్టూ సర్దాను.

కాలవ ఒడ్డున ప్రిన్సెన్‌గ్రాహ్ట్ వీధిలో 263వ నంబరు ఇల్లు. 1942 జులైనుంచి రెండేళ్ళకు పైగా ఎనిమిదిమంది అక్కడ దాగి ఉన్నారు. పుస్తకాల బీరువా చాటున ద్వారం, నిచ్చెనలాటి మెట్లు. గదుల్లో సామాను ఏమీ లేదు. బతికి తిరిగివచ్చిన ఒకే ఒక్కరు, ఆ పిల్ల తండ్రి, ఆ గదులు ఖాళీగానే ఉంచాలన్నారట. ఒకచోట గోడకాగితంమీద పెన్సిలు గీతలున్నవి. దాక్కున్న కాలంలో ఇద్దరు ఆడపిల్లలూ ఎంతెంత పొడుగు పెరిగారో తల్లిదండ్రులు గీసి పెట్టుకున్నవి. మా ఇంట్లో వంటింటి ద్వారబంధానికి అలాటి గీతలే ఉన్నవి. మా ఆవిడ అక్కడినుంచి కదలలేదు. వెనక జనం ఆగి, పక్కనుంచి వెళ్ళిపోతున్నారు.

రైళ్ళ గురించి రాస్తున్నాను గనుక ఇది కూడా రాయాలి. 1944 ఆగస్టు 4న వారిని పట్టుకున్నారు. సెప్టెంబరు 3న వెస్టర్‌బోర్క్ శిబిరంనుంచి ఔష్‌విట్జ్‌కు వెళ్ళిన బండిలో ఆ ఎనిమిదిమందీ ఉన్నారు. ఆ శిబిరంనుంచి ఔష్‌విట్జ్‌కు అదే ఆఖరి బండి.

బయటికి వచ్చి వంతెన పక్కన బల్లమీద కూర్చున్నాం. ఆవిడ మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు. అక్కడ వేసవిలో తొమ్మిదింటికి కూడా వెలుతురుంటుంది. గంటన్నర అలాగే కూర్చున్నాం. నా మొదటి పట్టిక ప్రకారమైతే ఆ వేళకు మేము ఆ ఊళ్ళోనే ఉండం, వేరే దేశంలో ప్లాట్‌ఫారం వెతుక్కుంటూ ఉంటాం.

ఇంత బుద్ధి వచ్చినవాణ్ణి చివరిదాకా నిలబెట్టుకున్నానా అంటే, లేదు. లుసెర్న్‌నుంచి రోముకు పోవాలంటే మిలాన్‌లో బండి మారాలి. ఆల్ప్స్ పర్వతాలు దాటడానికి రెండు దారులున్నవి. ఒకటి 1882 నాటి పాత గొతార్ద్ దారి. మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. వాసెన్ అనే పల్లెలో గుడి ఒకటే అయినా మూడుసార్లు మూడు ఎత్తులనుంచి కనబడుతుంది. రెండోది 2016లో తెరిచిన సొరంగం, పొడవు 57 కిలోమీటర్లు, ప్రపంచంలో అంత పొడుగాటి రైలు సొరంగం ఇంకొకటి లేదు. ఆ దారిన పోతే సుమారు గంట ఆదా. నేను గంటకు ఆశపడ్డాను. ఆల్ప్స్ పర్వతాల నడుమ ఇరవై నిమిషాలు కిటికీ అద్దంలో మా ముఖాలే మేము చూసుకున్నాం. డబ్బిచ్చి కొనుక్కున్న చీకటి!

ఆ ఆదా చేసిన గంటైనా దక్కిందా? మిలాన్‌లో బండి మారడానికి పదిహేను నిమిషాలు పెట్టాను. గంట పెట్టమని మామయ్య చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. మా బండి ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా చేరింది. అక్కడ పట్టాలు స్టేషనులోకి వచ్చి ఆగిపోతాయి. ఏ ప్లాట్‌ఫారానికి పోవాలన్నా చివరిదాకా నడిచి, గేటు దగ్గర టిక్కెట్టు చూపి లోపలికి పోవాలి. మేము పెట్టెలు ఈడ్చుకుంటూ చేరేసరికి రోము బండి వెళ్ళిపోయింది. రెండు బండ్లకూ కలిపి ఒకే టిక్కెట్టు తీసుకుని ఉంటే, మొదటిది ఆలస్యమైతే ముందుకు పంపవలసిన బాధ్యత వారిది. నేను పది యూరోలు కలిసొస్తవని విడివిడిగా కొన్నాను. మళ్ళీ రెండు టిక్కెట్లు అప్పటికప్పటి ధరకు కొనవలసి వచ్చింది. ఆ సొమ్ముతో రోములో రెండు పూటలు దర్జాగా భోంచెయ్యవచ్చు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. బండి ఫ్లారెన్స్‌లో ఆగినప్పుడు మాత్రం, "ఇది మీ మొదటి పట్టికలో ఉందా?" అని అడిగింది. ఉంది, నలభై నిమిషాలు.

ఇప్పుడు భీమవరంనుంచి రాసిన పాఠకునికి జవాబు. అయ్యా, మీ పన్నెండు రోజుల, ఎనిమిది దేశాల పట్టిక చేరింది. చేతిరాత ముత్యాల్లా ఉంది. మూడు గంటల లక్సెంబర్గు, రెండు గంటల లీక్టన్‌స్టైను కొట్టేశాను. వడూజ్ పట్టణానికి రైలుస్టేషనే లేదు, బస్సులో పోవాలి. ప్రేగు, బుడాపెస్టు మీ దారికి చాలా ఎడం, వాటికి ఇంకోసారి ప్రత్యేకంగా వెళ్ళండి. మిగిలిన నాలుగింటిలో ఏది ఉంచాలో, దేనికి ఎక్కువ రాత్రులివ్వాలో నేను చెప్పలేను. మీవెంట భార్యా, తల్లిగారూ వస్తున్నారని రాశారు. వారిద్దరూ ఏమేమి చూడాలంటున్నారో మీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. అది కనుక్కుని ఇంకో ఉత్తరం రాయండి. వీసాకు ఇంకా వ్యవధి ఉంది.